రెండో పిడి

బాబాయి కనిపెట్టిన ఏ వస్తువూ ఒక్క మనిషితో పనిచేయదు. అది ఆయనకున్న జబ్బో, గొప్పదనమో ఆ ప్రెస్సులో ఎవరూ తేల్చలేకపోయారు. కొత్త వస్తువులు కనిపెట్టేవాళ్లంతా నలుగురు చేసే పనిని ఒక్కరితో కానిచ్చే మార్గం వెతుకుతారు. బాబాయి మాత్రం ఒక్కరు చిటికెలో చేసే పనిని పట్టుకుని, తిండీ నిద్రా మానేసి, బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి ఇద్దరుంటే తప్ప కదలని స్థితికి దాన్ని తీసుకొచ్చి, "ఎలా ఉంది?" అని మీసం దువ్వుకునేవాడు.

ఆయన చేసిన ఏ యంత్రం ముందు నిలబడ్డా ఎంతటివాడైనా ఒక్కటే మాట అనాల్సి వచ్చేది: "కాస్త ఓ చెయ్యి వెయ్యవూ?" దాంతో ఆయనకు చెయ్యివెయ్యి బాబాయి అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు పెట్టింది బైండరు. నిజానికి ఆయన బాబాయి అయ్యేది అమ్మడు ఒక్కత్తెకే. అమ్మడు ఆయన అన్నగారి కూతురు. పెళ్లై అత్తారింట్లో ఉంటూ, పగలు వచ్చి ప్రెస్సులో కౌంటరు చూసుకుంటుంది. ఆమె పిలవగా పిలవగా ఆ పిలుపు అందరికీ అంటుకుంది. బాబాయి ఉద్యోగం మాత్రం ప్రెస్సులో మిషన్లు బాగుచేయడం. బాగున్నవాటి జోలికి కూడా వెళ్తాడని ఫిర్యాదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఈ అలవాటు వల్ల ఒకసారి ఆయన అన్నగారి పనికే ఎసరొచ్చింది. ఆ గండం సంగతి చెప్పాలంటే ముందు మందుల పెట్టె దగ్గర మొదలుపెట్టాలి.

గోడకు అడ్డంగా బిగించిన పొడవాటి పెట్టె అది. ఈ కొసన ఒక మీట, ఆ కొసన ఒక మీట. రెండూ ఒకేసారి నొక్కితే మూత దానంతటదే లేస్తుంది. లోపల మాత్రలన్నీ చిన్న చిన్న అరల్లో, సీసాలూ మూతలూ లేకుండా, పడుకుని ఉంటాయి. ఎంత పొడుగు చేతులవాడికైనా రెండు కొసలూ ఒక్కసారే అందవు. బైండరు ఊరుకోలేక ప్రయత్నించాడు. గోడకు అతుక్కుని, చెంప పెట్టెకు ఆనించి, మునివేళ్ల మీద లేచి, మెడ పట్టేసి, ఆ మెడకు రాసుకునే మందు కోసం మళ్లీ అదే పెట్టె దగ్గర నిలబడ్డాడు.

"తలనొప్పి నాది. మాత్ర మింగేదీ నేనే. మధ్యలో రెండో మనిషెందుకు బాబాయ్?" అని ఒకరోజు నిలదీశాడు.

"నీకు తలనొప్పిగా ఉందని ఇంకొకరికి తెలియద్దూ?"

"తెలిసి ఏం చేస్తారు?"

"ఏం చెయ్యనక్కర్లేదు. ఆ కొస నొక్కితే చాలు."

"నొక్కే మనిషిని వెతుక్కునేసరికి తలనొప్పి కాస్తా పోతోంది!"

"చూశావా! మాత్ర ఖర్చు లేకుండానే తగ్గించింది," అని బాబాయి పొంగిపోయాడు.

పేటెంటు కోసం పెట్టిన దరఖాస్తులో 'పిల్లలు తెరవకుండా' అని రాశాడు. ప్రెస్సులో పిల్లలెక్కడున్నారని ఎవరూ అడగలేదు. పేటెంటు వచ్చేసింది. దానికి ఫ్రేము కట్టించి పెట్టె పైనే తగిలించాడు. మేకు కొట్టేటప్పుడు మేకు పట్టుకోవడానికి బైండరును పిలిచాడు. బైండరు తన వేళ్లను తలుచుకుని కళ్లు మూసుకుని పట్టుకున్నాడు.

తరవాతిది కవర్ల యంత్రం. ఆ ప్రెస్సులో రాగి రేకు మీద అక్షరాలు చెక్కి, దాంతో అచ్చువేసిన కార్డులకు మంచి పేరు. సిరా కాగితం మీద పొంగి నిలబడుతుంది. వేలితో తడిమితే అక్షరం తగులుతుంది. చిక్కేమిటంటే, కార్డును కవరులో దూర్చేటప్పుడు అంచు తగిలితే ఆ అందమంతా అలుక్కుపోతుంది. బాబాయి యంత్రంలో కాలితో తొక్కితే కవరు నోరు బాగా తెరుచుకుంటుంది. కార్డును తగలకుండా లోపల జారవిడవచ్చు. అంతవరకూ భేష్. కానీ తొక్కేది బల్లకు అటువైపు, కార్డు వేసేది ఇటువైపు.

"బాబాయ్, ఆ తొక్కుడు పలకని ఇటు జరిపితే ఒక్కరే చేసుకోవచ్చుగా?" అంది అమ్మడు.

"భేషుగ్గా చేసుకోవచ్చు."

"అయితే జరుపు."

"జరపను."

ఎందుకని అడిగితే మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో అమ్మడికీ బైండరుకీ మాటల్లేవు. కౌంటరు మీద బైండరు జిగురు డబ్బా ఒలకబోసిన గొడవ. అలాంటి ఇద్దరూ బల్లకు అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చోవాల్సి వచ్చింది. ముందు "తొక్కండి", "వెయ్యండి" అని పొడిపొడిగా మొదలై, ఆ తరవాత జిగురు సంగతి మీద మనసారా పోట్లాడుకుని, కవర్లు అయిపోయేసరికి కలిసిపోయారు. 'ఒకరి కార్డు ఇంకొకరి కవరులో పడకుండా రెండో మనిషి చూస్తుంటారు' అని రాసి బాబాయి దీనికీ పేటెంటు సంపాదించాడు. గోడ మీద రెండో ఫ్రేము వెలిసింది.

మూడోదాని దగ్గర కథ అడ్డం తిరిగింది.

ప్రెస్సులో రాగి రేకు మీద చెక్కే పనంతా అమ్మడి నాన్నదే. అందరూ మాస్టారంటారు. అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. గీత ఒక్క వెంట్రుకవాసి పక్కకు పోయినా రేకు పారెయ్యాల్సిందే. మాస్టారికి మాట తక్కువ, పంతం ఎక్కువ. దాహమేస్తే లేచి వెళ్లి తాగుతాడు గానీ ఎవరినీ గ్లాసుడు నీళ్లు అడిగి ఎరగడు. పనిలో ఉంటే లోపలి గది తలుపు వేసుకుంటాడు. తమ్ముడు తప్ప మరో మనిషి అడుగు పెట్టడానికి వీల్లేదు. బయటికొస్తే కుడిచెయ్యి ఎప్పుడూ జేబులోనే. "ఎంత దర్జాయో చూడండి" అని బైండరు చాటుగా అనేవాడు.

ఆయన బల్ల మీదే బాబాయి తన మూడో యంత్రాన్ని బిగించాడు. పేరు చెక్కుచెయ్యి. ఒక ఇనుప చెయ్యి, దాని కొసన సన్న ఉలి. ఒక పిడి పట్టుకుని మాస్టారు ఉలిని అక్షరం వెంట నడిపిస్తాడు. అవతలివైపు రెండో పిడి ఉంటుంది. పనైనంతసేపూ ఇంకో మనిషి దాన్ని కిందికి అదిమి పట్టుకోవాలి. ఆ ఇంకో మనిషి రోజూ బాబాయే.

దరఖాస్తులో 'దీనివల్ల ప్రయోజనం' అన్నచోట ఏం రాయాలో ఆయనకు తోచలేదు. ఇక్కడ పిల్లలూ లేరు, కవర్లూ లేవు. గోళ్లు కొరుక్కుని చివరికి 'పనిచేసేవారికి తోడు ఉంటుంది' అని రాసి పంపాడు. తోడు సాంకేతిక ప్రయోజనం కాదని జవాబొచ్చింది. 'కబుర్లు చెప్పుకోవచ్చు' అని దిద్ది పంపాడు. ఈసారి జవాబు మరీ ఘాటుగా వచ్చింది: ఒకరు చేసే పనికి ఇద్దరెందుకో అర్థం కావడం లేదు, అధికారి స్వయంగా వచ్చి చూస్తారు, అదే ఆఖరు.

ఈ సంగతి ప్రెస్సు యజమానురాలి చెవిన పడింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. లెక్క తప్పని మనిషి. అమ్మడిని పిలిచి ఉన్నమాట చెప్పింది.

"చూడమ్మా, చేత్తో చెక్కిన కార్డులు అడిగేవాళ్లు తగ్గిపోయారు. పేటెంటు వస్తే ఆ పేరు చెప్పుకుని నేను ఆర్డర్లు తెచ్చుకుంటాను. రాకపోతే ఆ గది ఖాళీ చేయించి కొత్త మిషను పెట్టించక తప్పదు."

"మరి నాన్న, మేడమ్?"

"మాస్టారిని ఇంట్లో విశ్రాంతి తీసుకోమందాం. ఆయనకేం లోటు చెయ్యను."

ఉలి లేని నాన్న అమ్మడి ఊహకే అందలేదు. ఆయన పండగా, సెలవూ, కాలక్షేపమూ అన్నీ ఆ బల్లే. ఆ బల్ల తీసేసి విశ్రాంతి తీసుకోమంటే ఆయన మంచం పడతాడు. నేరుగా వెళ్లి బాబాయిని పట్టుకుంది.

"బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటాను. పేటెంటు రాకపోతే నాన్న గది పోతుంది. ఈ ఒక్కదాన్ని ఒక్కరితో నడిచేలా మార్చు. ఆ అధికారి అడిగేది అదేగా?"

"కుదరదు తల్లీ."

"చేతకాదా?"

"చేతనవుతుంది."

"మరి?"

బాబాయి నీళ్లు నమిలాడు. "రెండో పిడి లేకపోతే... అందం ఉండదు," అన్నాడు.

అమ్మడు పళ్లు నూరింది. ఈ మనిషి పంతానికి నాన్న వీధిన పడాలా? బాబాయంటే ఆమెకు ప్రాణం. కానీ ఆ పూట ఆ మీసాన్ని రెండువైపులా పట్టి లాగాలన్నంత కోపం వచ్చింది. చెప్పి లాభం లేదు, తనే చెయ్యాలి అనుకుంది.

అధికారి వచ్చే రోజు అందరికంటే ముందు ప్రెస్సుకు వచ్చి, నాన్న గదిలోకి దూరింది. రెండో పిడి మర విప్పేసింది. దాని స్థానంలో గట్టి స్ప్రింగు ఒకటి తగిలించి బల్లకు కొక్కెం వేసింది. పనికిరాని రేకు మీద తనే ఒక గీత గీసి చూసింది. ఉలి వెన్నలో దిగినట్టు సాగిపోయింది. ఇంత చిన్న స్ప్రింగుకా ఇంత రాద్ధాంతం! పిడి బాబాయి కంటపడితే మళ్లీ బిగించేస్తాడని, అప్పుడే వచ్చిన బైండరును పిలిచి, మందుల పెట్టెకు చెరో కొసా నొక్కి, లోపల దాచేసింది. ఒంటరిగా ఉంటే బాబాయి ఆ పెట్టె తెరవలేడు. తన తెలివికి తనే మురిసిపోయింది.

అధికారి సన్నగా, పొడుగ్గా, నవ్వు అంటే ఏమిటో ఎరగని ముఖంతో వచ్చాడు. వెంట యజమానురాలు. వెనకాల ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెమటతో అప్పుడే దాన్ని నలిపేసుకున్న బాబాయి. మాస్టారు జేబులో చెయ్యితో లేచి నిలబడి, తల పంకించి, మళ్లీ కూర్చున్నాడు.

"దీనికి ఇద్దరు కావాలని రాశారు," అన్నాడు అధికారి.

"అవునండీ, రెండో పిడి దగ్గర నేను..." అంటూ బాబాయి ముందుకొచ్చాడు.

"అక్కర్లేదు సార్!" అంది అమ్మడు. "ఒక్కరు చాలు. మార్చేశాం. చూడండి, స్ప్రింగు."

బాబాయి చూశాడు. రెండో పిడి ఉండాల్సిన చోట చేత్తో తడిమాడు.

"అమ్మడూ, పిడేదీ?"

"తీసేశాను."

"ఎక్కడ పెట్టావు?"

"పెట్టెలో. ఇప్పుడెందుకు బాబాయ్?"

"మంచి మార్పే," అన్నాడు అధికారి స్ప్రింగు దగ్గరికి వంగి. "ఒక అక్షరం చెక్కి చూపించండి. 'ణ' చెక్కండి. అన్నీ మెలికలే కాబట్టి తెలిసిపోతుంది."

"కానివ్వండి మాస్టారూ," అంది యజమానురాలు.

మాస్టారు కదల్లేదు. తమ్ముడి వంక ఒకసారి చూశాడు. ఆ చూపు అమ్మడికి అర్థం కాలేదు. నాన్న కళ్లల్లో భయం ఆమె ఎన్నడూ చూసి ఉండలేదు. బాబాయి ఆమె మణికట్టు పట్టుకుని బయటికి ఈడ్చుకుపోతూ, "మొదలుపెట్టకు అన్నయ్యా! సిరా... రేకు... నేనొస్తున్నాను!" అని అర్థంపర్థం లేకుండా అరిచాడు.

పెట్టె దగ్గర ఈ కొసన బాబాయి, ఆ కొసన అమ్మడు.

"మూడు అనగానే నొక్కు. ఒకటి, రెండు..." అని రెండుకే నొక్కేశాడు బాబాయి. అమ్మడు మూడుకు నొక్కింది. మూత లేవలేదు.

"మూడు అన్నావుగా!"

"కంగారు తల్లీ, కంగారు! మళ్లీ. ఒకటి..." ఈసారి అమ్మడు ఒకటికే నొక్కేసింది.

లోపలినుంచి యజమానురాలి గొంతు వినిపించింది: "వాళ్ల కోసం చూడకండి మాస్టారూ, సారుకి ఆలస్యమవుతోంది."

మూడోసారికి మూత లేచింది. అమ్మడు పిడి కోసం చెయ్యి పెట్టి ఆగిపోయింది. పిడి ఉన్న అరలో, దాని కిందే, పొద్దున హడావిడిలో ఆమె గమనించని మాత్రలున్నాయి, మధ్యలో గీత ఉన్న నీలం మాత్రలు. ఆమె మావగారు రోజూ వేసుకునేవి అవే. ఆయన చెయ్యి వణుకుతోందని డాక్టరు రాసిచ్చినవి.

"ఇవెవరివి బాబాయ్?"

"నావి."

బాబాయి చేతులు మీట మీద రాయిలా నిలకడగా ఉన్నాయి. అమ్మడు ఆ చేతుల వంక, మూసి ఉన్న గది వంక చూసింది. జేబులోంచి రాని చెయ్యి గుర్తొచ్చింది.

"నాన్నకా?" అంది.

"సీసా మూత తిప్పలేక మాత్రలన్నీ నేలపాలు చేసుకుంటుంటే తలుపు సందులోంచి చూశాను. నేను చూసినట్టు ఆయనకు తెలియదు. కార్డు కవరులో పెట్టలేక ఎన్ని నలిపేశాడో! సాయం చేస్తానంటే ఒప్పుకునే మనిషా మీ నాన్న? ఒరేయ్, ఓ చెయ్యి వెయ్యి అని ఆ నోటితో అనగలడా?"

"అందుకని..."

"అందుకని ప్రెస్సులో అందరూ అడక్క తప్పకుండా చేశాను. బైండరూ అడుగుతాడు, నువ్వూ అడుగుతావు, ఆ మేడమ్ గారూ తలనొప్పొస్తే అడుగుతుంది. అందరూ అడుగుతుంటే ఆయనొక్కడే అడిగినట్టు ఉండదు కదా. పద పద!"

అమ్మడికి ఏడుపూ, తన మీద తనకు అసహ్యమూ ఒక్కసారే వచ్చాయి. రెంటికీ తీరిక లేదు. పిడి పట్టుకుని పరిగెత్తింది.

ఆలస్యమైపోయింది. రేకు మీద 'ణ' మొదటి మెలిక వరకూ వచ్చి, అక్కడినుంచి కోడి గీకినట్టు చెదిరి, అంచు దాకా పోయింది. స్ప్రింగు ఇంకా ఊగుతోంది. వణుకును పట్టి ఆపాల్సింది పోయి, అది ఇంకాస్త ఎగదోసింది. మాస్టారి చెయ్యి అప్పటికే జేబులోకి వెళ్లిపోయింది. యజమానురాలు ఆ జేబు వంకే చూస్తోంది.

"మాస్టారూ, మీ చెయ్యి..."

"తప్పు యంత్రానిది!" అని బాబాయి గావుకేక పెట్టాడు. "నా యంత్రం ఒట్టి పనికిమాలినదండీ! మొదట్నుంచీ అంతే! కొట్టిపారెయ్యండి సార్ నా దరఖాస్తు!"

అధికారి తలెత్తాడు. "ఉపసంహరించుకుంటున్నారా?"

"ఈ క్షణమే! ఏ మహా ఇంజనీరు పట్టుకున్నా ఇలాగే గీస్తుంది ఇది. అన్నయ్యకేం? అన్నయ్య చెయ్యి ఉక్కు!"

"కాదు సార్, తప్పు నాది," అంది అమ్మడు. "స్ప్రింగు పెట్టింది నేను. యంత్రం మంచిదే."

"నువ్వు నోర్ముయ్! యంత్రం చెత్త!"

"మంచిది బాబాయ్!"

"చెత్తంటే చెత్త! చేసినవాణ్ని నాకు తెలియదా?"

తన యంత్రాన్ని తనే ఇంత గట్టిగా తిట్టుకునే మనిషిని అధికారి తన ఉద్యోగంలో చూసినట్టు లేదు. ఎవరి మాట రాసుకోవాలో తెలియక కలం ఎత్తి పట్టుకుని ఉండిపోయాడు. పేటెంటు పోతే గది పోతుందని బాబాయికి తెలుసు. అయినా గది పోయినా సరే, అన్నయ్య పరువు పోకూడదనుకున్నాడు.

"ఒరేయ్, ఇక ఆగు," అన్నాడు మాస్టారు.

జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. రేకు కింద వేసే తోలు దిండు మీద, అందరికీ కనిపించేలా పెట్టాడు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది.

"నా చెయ్యి వణుకుతుందండీ. అక్షరం ఎటు తిరగాలో దానికి తెలుసు, కానీ నిలబడదు. వీడు ఆ పిడి అదిమి పట్టుకుంటే నిలబడుతుంది. ఆ పిడి పెట్టిందే అందుకని నాకిప్పుడే తెలిసింది."

అధికారి కలం దించాడు. "ఇంత ప్రయోజనం ఉందా? మరి దరఖాస్తులో ఎందుకు రాయలేదండీ? కబుర్లు చెప్పుకోవచ్చని రాస్తారా?"

బాబాయి తల వంచుకున్నాడు. "రాస్తే పేటెంటుతో పాటు అచ్చు వేస్తారుగా సార్. లోకమంతా చదువుకుంటుంది. మా అన్నయ్యా చదువుతాడు."

అధికారి కళ్లద్దాలు తీసి, తుడవనక్కర్లేకపోయినా తుడుచుకున్నాడు. "పిడి బిగించండి. మళ్లీ చూస్తాను," అన్నాడు.

అమ్మడు స్ప్రింగు ఊడబీకి పిడి బిగించింది. పట్టుకోవడానికి బాబాయి ముందుకొచ్చాడు గానీ, ఇంతసేపటి కంగారుకు ఈసారి ఆయన చేతులే గడగడలాడుతున్నాయి. ఈ ఇద్దరినీ కలిపితే రేకు రెండు ముక్కలవుతుంది. "నువ్వు జరుగు బాబాయ్," అని అమ్మడు ఆ పిడి తను అందుకుంది. నాన్న కూతురి వంక చూసి, వద్దంటాడేమో అనిపించేంతసేపు ఆగి, మొదటి పిడి పట్టుకున్నాడు.

అదిమి పట్టగానే నాన్న వణుకంతా ఇనుములోంచి నడిచొచ్చి ఆమె అరచేతికి తగిలింది. ఇన్నాళ్లూ ఎదురుగా ఉండి చూడలేనిది అది. ఇంకాస్త గట్టిగా అదిమింది. వణుకు ఆమె చేతిలోనే ఆగిపోయింది; అవతల ఉలి కదిలింది. మొదటి మెలిక తిరిగింది, రెండోది తిరిగింది. మాస్టారు ఊపిరి బిగబట్టి రేకును ఎడంచేత్తో మెల్లగా తిప్పుతున్నాడు. అధికారి కూడా ఊపిరి బిగబట్టాడు. బాబాయి సంగతి చెప్పనక్కర్లేదు. ఆయనకు చూసే ధైర్యం లేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆఖరి తోక సన్నగా తేలి రాగానే, "అయింది," అన్నాడు మాస్టారు.

సిరా పూసి అచ్చు తీశారు. యజమానురాలు కాగితం అందుకుని, 'ణ' మీద వేలు పెట్టి, ఒక మెలిక నుంచి ఇంకో మెలికకు నెమ్మదిగా తడిమి చూసింది.

"చెయ్యి వణికేవాళ్లు చెక్కుకోవడానికి అని రాసివ్వండి," అన్నాడు అధికారి. "అప్పుడు రాదని అనడానికి నాకేం కారణం కనిపించదు. వణికే చేతులు లోకంలో చాలా ఉన్నాయి."

"పేరు రాయాలా సార్?" అన్నాడు బాబాయి గోడవైపు నుంచే.

"అక్కర్లేదు."

"రాయరా," అన్నాడు మాస్టారు. "దాస్తే ఏమైందో చూశాంగా."

యజమానురాలు కాగితం బల్ల మీద పెట్టింది. ఇప్పుడేమంటుందోనని అమ్మడు పిడి వదలకుండా అలాగే పట్టుకుంది. ఆవిడ మాత్రం గదిలో అటూ ఇటూ దేనికోసమో వెతికింది.

"ఈ పిడి దగ్గర కుర్చీ ఏదీ? ఇన్నాళ్లూ ఈయన రోజంతా నిలబడే పట్టుకున్నాడా?"

బాబాయి గోడవైపే చూస్తూ మోకాలు రుద్దుకున్నాడు.

"ఇంకో కుర్చీ వేయించండి. మెత్తటిది. కొత్త మిషనుకు వేరే చోటు చూస్తాను," అని ఆవిడ అధికారిని వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

అమ్మడు అప్పటికి పిడి వదిలి బల్లకు ఆనుకుంది. బాబాయి మెల్లగా ఇటు తిరిగి, అన్నగారి వంక దొంగచూపు చూశాడు.

"కోపం వచ్చిందా అన్నయ్యా?"

"దేనికిరా?"

"నీకు తెలియకుండా ఇదంతా చేసినందుకు."

మాస్టారు రేకు మీది రాగి పొడి ఊదాడు. "నేను వేరే అనుకున్నాన్రా. పెళ్లీ పెటాకులూ లేనివాడివి, ఒంటరిగా తోచక మనుషుల కోసం తాపత్రయపడుతున్నావనుకున్నాను. ఆ పిడి పట్టుకుని రోజంతా నా పక్కన నిలబడితే నీకు కాస్త బావుంటుందేమో, పాపం పోనీలే అని ఊరుకున్నాను."

బాబాయి నోరు వెళ్లబెట్టాడు. "అంటే... నా కాళ్లు పీకుతుంటే, నువ్వు నాకు ఉపకారం చేస్తున్నావా?"

"మరి? నీ వాగుడంతా ఊరికే విన్నాననుకున్నావా?"

అమ్మడు పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని బైండరు తలుపు సందులోంచి తొంగిచూశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి మాస్టారు ఆయన్ను లోపలికి రమ్మని, బయట కనిపించిన కుర్చీ ఒకటి పట్టుకు రమ్మన్నాడు. బైండరు తెచ్చింది గట్టి చెక్క కుర్చీ. బాబాయి దానిమీద కూర్చుని, అటూ ఇటూ సర్దుకుని, చాలా బావుందని అబద్ధం చెప్పాడు.